ముప్పై సెకన్ల మౌనం: డ్రైవర్‌పై నింద పడిన ఒక స్టోరేజ్ కేసు

ఈ కేసులో సంస్థ పేరు, ఉత్పత్తుల పేర్లు, తేదీలు చెప్పడం లేదు. గుర్తుపట్టడానికి వీలున్న వివరాలు కొన్ని మార్చాను. మిగిలినదంతా, మేం వేసిన తప్పటడుగులతో సహా, జరిగిన క్రమంలోనే రాశాను. చివరికి దొరికిన దోషాన్ని ఒక్క వాక్యంలో చెప్పేయవచ్చు. అక్కడికి చేరడానికి పన్నెండు రోజులు ఎందుకు పట్టిందన్నదే ఇలాంటి సర్వర్లు చూసుకునేవారికి పనికొచ్చే విషయం.

నేపథ్యం

రోజంతా లావాదేవీలు నడిచే డేటాబేస్ సర్వర్ అది. ఆపరేటింగ్ సిస్టమ్ లైనక్స్. సర్వర్ లోపల డిస్కులు లేవు. డేటాతో పాటు బూట్ డిస్క్ కూడా ఫైబర్ ఛానల్ (స్టోరేజ్ కోసం వాడే ప్రత్యేక నెట్‌వర్క్) ద్వారా, వేరుగా ఉన్న స్టోరేజ్ పరికరం నుంచే వస్తుంది. ఇందుకోసం 16 గిగాబిట్ల అడాప్టర్ కార్డులు రెండు ఉన్నాయి. ఒకటి ‘ఏ’ (A) అనే ఫ్యాబ్రిక్‌కు, అంటే స్విచ్‌ల వలకు, రెండోది ‘బీ’ (B) ఫ్యాబ్రిక్‌కు వెళుతుంది. స్టోరేజ్‌లో కంట్రోలర్లు రెండు కాబట్టి ఒక్కో లన్‌కు (స్టోరేజ్ నుంచి సర్వర్‌కు ఒక డిస్కులా కనిపించే భాగానికి) నాలుగు దారులు. వాటిని లైనక్స్‌లోని మల్టీపాత్ అనే సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది. ఒక దారి తెగితే ఇంకో దారిలో పని సాగాలన్నదే ఈ అమరిక ఉద్దేశం.

ఒక శనివారం రాత్రి భద్రతా సవరణల కోసం కెర్నల్‌ను (ఆపరేటింగ్ సిస్టమ్ మూల భాగాన్ని) కొత్త వెర్షన్‌కు మార్చాం. దానితో పాటే అడాప్టర్ కార్డులను నడిపే డ్రైవర్ కూడా కొత్తది వచ్చింది. ఆ రాత్రికి సంబంధించి మార్పుల రికార్డులో ఉన్నది ఈ ఒక్క పనే.

సమస్య

సోమవారం ఉదయం 11 గంటల ప్రాంతంలో మొదటి ఫిర్యాదు వచ్చింది. అప్లికేషన్ అరనిమిషం పాటు కదలకుండా ఉండి, తనంతట తానే కోలుకుంది. సాయంత్రంలోగా ఇలా తొమ్మిది సార్లు జరిగింది. డేటాబేస్‌లో లావాదేవీల లాగ్ రాసే ప్రక్రియ ఒక్కో రాత కోసం 30 సెకన్లకు కాస్త పైగా ఎదురుచూసినట్టు నమోదైంది. ప్రతిసారీ అదే అంకె.

కెర్నల్ లాగ్‌లో సరిగ్గా ఆ క్షణాల్లోనే డ్రైవర్ రాసిన వరుసలు కనిపించాయి: ఫలానా కమాండ్‌ను అబార్ట్ చేశాను (మధ్యలో రద్దు చేశాను) అని, చివర 2002 అనే సంకేతం. లైనక్స్‌లో డిస్క్ కమాండ్లను నడిపే స్కజీ (SCSI) కోడ్‌లో హెక్సాడెసిమల్ 2002 అంటే ఆ చర్య సఫలమైందని, 2003 అంటే విఫలమైందని అర్థం. అంటే కమాండ్‌ను వెనక్కి తీసుకోవడంలో ఇబ్బంది లేదు. మళ్లీ పంపితే క్షణంలో పూర్తవుతోంది. రోజుకు ఇలాంటి వరుసలు యాభై దాకా ఉన్నాయి. వాటిలో లావాదేవీల లాగ్ మీద పడినవే వాడుకదారులకు తెలిశాయి. తక్కినవి వెనుక నడిచే రాతల్లో కలిసిపోయాయి.

మల్టీపాత్ మాత్రం నాలుగు దారులూ ఆరోగ్యంగా ఉన్నాయనే చూపించింది. ఒక్క దారి కూడా ఒక్కసారి కూడా విఫలమైనట్టు లేదు. స్టోరేజ్ బృందం తమ వైపు సగటు స్పందన సమయం ఒక మిల్లీసెకను లోపేనని గ్రాఫ్ చూపించింది. ఆ గ్రాఫ్ నిజమే. చదివే కమాండ్ల మీద ఫిర్యాదు ఒక్కటీ లేదు. ఆగిపోతున్నవన్నీ రాతలే.

30 అనే అంకె దగ్గర నేను చాలాసేపు ఆగాను. లైనక్స్‌లో డిస్క్ కమాండ్‌కు మామూలుగా ఉండే గడువు 30 సెకన్లు. స్టోరేజ్ మందగిస్తే ఆలస్యాలు రకరకాలుగా ఉంటాయి. ఒకసారి 2 సెకన్లు, ఒకసారి 9, ఒకసారి 40. ఇక్కడ ప్రతి ఆలస్యమూ గడువుతో సమానంగా ఉంది. అంటే జవాబు ఆలస్యంగా రావడం లేదు, అసలు రావడమే లేదు. కెర్నల్ గడువు దాకా ఎదురుచూసి, విసిగి, మళ్లీ పంపుతోంది. మందగించడం వేరు, మౌనం వేరు. ఈ తేడా రెండో రోజే నాకు స్ఫురించింది. కానీ దాన్ని పట్టుకుని చివరిదాకా వెళ్లకుండా, అందరి చూపూ ఉన్న చోటికే నేనూ వెళ్లాను.

క్యూ డెప్త్

మొదట వచ్చిన సూచన క్యూ డెప్త్‌ను, అంటే జవాబు రాకముందే ఒకేసారి పంపగల కమాండ్ల సంఖ్యను, తగ్గించడం. ఒక సర్వర్ నుంచి ఒకేసారి ఎక్కువ కమాండ్లు వెళితే స్టోరేజ్ పోర్ట్ క్యూ నిండిపోతుందని, కొత్త డ్రైవర్‌లో ఈ విలువ మారి ఉండవచ్చని వాదన. నాకు అనుమానం ఉంది. క్యూ నిండితే స్టోరేజ్ ఊరుకోదు, నిండిందని వెంటనే స్టేటస్ పంపుతుంది. కెర్నల్ దాన్ని చూసి వేగం తగ్గించుకుంటుంది. మనకు కనిపిస్తున్నది మౌనం కదా అన్నాను. అయినా ప్రయత్నించడానికి ఒప్పుకున్నాను. దానికి కారణం ఒక్కటే: ఒక్కో డిస్క్‌కు ఈ విలువను సర్వర్ నడుస్తుండగానే మార్చవచ్చు, రీబూట్ అవసరం లేదు, వెనక్కి తీసుకోవడం కూడా నిమిషం పని. 64 నుంచి 16కు తగ్గించాం. అబార్ట్‌లు తగ్గలేదు, రాత్రి నడిచే బ్యాచ్ మాత్రం గంటకు పైగా సాగింది. పాత విలువే పెట్టేశాం.

అదే రోజు ఇంకొక సూచన వచ్చింది: గడువును 30 నుంచి 10 సెకన్లకు తగ్గిస్తే వాడుకదారులకు బాధ మూడో వంతే కదా అని. దీన్ని నేను గట్టిగా వ్యతిరేకించాను. స్టోరేజ్‌లో ఒక కంట్రోలర్ పడిపోయి రెండోది బాధ్యత తీసుకునేటప్పుడు 10 సెకన్లకు మించి పట్టవచ్చు. అప్పుడు కాస్త ఓపిక పడితే పూర్తయ్యే కమాండ్లను కూడా మనమే చంపేస్తాం. పైగా లక్షణం చిన్నదైతే కారణాన్ని వెతికే తొందర కూడా చిన్నదవుతుంది.

డ్రైవర్‌ను వెనక్కి మార్చిన కథ

అందరి అనుమానమూ డ్రైవర్ మీదే. శనివారం మారింది అదే, సోమవారం సమస్య మొదలైంది. పాత కెర్నల్‌తో బూట్ చేసి చూడటం అన్నిటికన్నా శుభ్రమైన పరీక్ష. కానీ భద్రతా సవరణలను తీసేయడానికి అనుమతి రాలేదు. అందుకని పాత డ్రైవర్ సోర్స్‌ను కొత్త కెర్నల్‌పై కంపైల్ చేసి, ఆ మాడ్యూల్ ఫైలును (కెర్నల్ లోడ్ చేసుకునే డ్రైవర్ ఫైలును) దాని చోట పెట్టి, శుక్రవారం రాత్రి రీబూట్ చేశాం. మాడ్యూల్ సమాచారం చూపే కమాండ్‌తో చూస్తే పాత వెర్షన్ సంఖ్యే వచ్చింది. శనివారం ఒక్క అబార్ట్ కూడా లేదు. ఆదివారం కూడా లేదు. డ్రైవర్‌దే తప్పని నిర్ధారించి నివేదిక రాయడం మొదలుపెట్టాం.

సోమవారం ఉదయం పదిన్నరకు మళ్లీ మొదలైంది.

అప్పుడు చేయాల్సిన పని చేశాం: నిజంగా నడుస్తున్న డ్రైవర్ ఏదో చూశాం. మాడ్యూల్ సమాచారం చూపే కమాండ్ డిస్క్ మీద ఉన్న ఫైలును చదివి చెబుతుంది. మెమరీలోకి ఎక్కి పనిచేస్తున్న డ్రైవర్ వెర్షన్ సిస్‌ఎఫ్‌ఎస్‌లో (కెర్నల్ తన స్థితిని ఫైళ్లుగా చూపే చోట) ఆ మాడ్యూల్ పేరు కింద ఉంటుంది. అక్కడ చూస్తే కొత్త డ్రైవరే ఉంది. ఈ సర్వర్ స్టోరేజ్ నుంచి బూట్ అవుతుంది కాబట్టి, రూట్ డిస్క్ కనిపించకముందే అడాప్టర్ డ్రైవర్ కావాలి. అందుకే అది ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ (బూట్ మొదట్లోనే మెమరీలోకి ఎక్కే చిన్న ఫైళ్ల మూట) నుంచి లోడ్ అవుతుంది. మేం డిస్క్ మీద ఫైలు మార్చాం గానీ ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌ను తిరిగి తయారు చేయలేదు. దానిలో కొత్త డ్రైవర్ అలాగే ఉండిపోయింది. మాడ్యూల్ ఆప్షన్లకు కూడా ఇదే వర్తిస్తుంది: కాన్ఫిగరేషన్ ఫైలులో రాసినంత మాత్రాన, ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌ను మళ్లీ తయారు చేయనిదే అవి ఇలాంటి సర్వర్‌లో అమలు కావు.

మరి శని, ఆదివారాల ప్రశాంతత ఎక్కడిది? ఆ రెండు రోజులూ లావాదేవీలు చాలా తక్కువ. అంతే. మేం ఏమీ మార్చకుండానే నయమైందనుకున్నాం. ఈ కేసు మొత్తంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది ఇదే. ఇంకో రెండు వారాలు పని పలచగా ఉండి ఉంటే, జరగని మార్పుకు ఫలితం అంటగట్టిన నివేదిక మా సంతకాలతో బయటికి వెళ్లి ఉండేది.

ఆ రాత్రి ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌ను తిరిగి తయారు చేసి, లోపల ఏ డ్రైవర్ ఉందో జాబితా తీసి చూసుకుని రీబూట్ చేశాం. ఈసారి నిజంగానే పాత డ్రైవర్ నడిచింది. మంగళవారం 52 అబార్ట్‌లు. డ్రైవర్ నిర్దోషి.

కార్డు మార్చిన రాత్రి

డ్రైవర్ కాదని తేలాక లాగ్‌ను మళ్లీ మొదటినుంచి చదివాను. అబార్ట్ వరుసలో హోస్ట్ సంఖ్య (సర్వర్‌లోని కార్డు), టార్గెట్ (స్టోరేజ్ పోర్ట్), లన్ వరుసగా ఉంటాయి. మొదటి వారం మేం ఈ వరుసల్ని లెక్కపెట్టడానికి మాత్రమే వాడాం, లోపలి అంకెల్ని చూడలేదు. ఇప్పుడు హోస్ట్ సంఖ్యను బట్టి వేరు చేస్తే ప్రతి ఒక్క అబార్టూ ‘ఏ’ ఫ్యాబ్రిక్ వైపు కార్డుదే. టార్గెట్లు మారుతున్నాయి, లన్‌లు మారుతున్నాయి, హోస్ట్ మాత్రం ఒక్కటే.

ఈ ఒక్క వాస్తవం మొదటి రోజే మా ముందు ఉంటే డ్రైవర్ జోలికే వెళ్లేవాళ్లం కాదు. రెండు కార్డులూ ఒకే మోడల్, రెండింటినీ నడిపేది ఒకే డ్రైవర్. తప్పు డ్రైవర్‌దైతే రెండు వైపులా కనిపించాలి. టార్గెట్లు మారుతున్నాయి కాబట్టి స్టోరేజ్ పోర్ట్‌ను అనుమానించనక్కరలేదు. మిగిలింది ‘ఏ’ వైపు కార్డు, దాని కేబుల్, అది చేరే స్విచ్ పోర్ట్.

ఈ మూడింటిలో కేబుల్‌ను పక్కన పెట్టేసి మరో తప్పు చేశాం. సర్వర్‌లో ఆ పోర్ట్‌కు సంబంధించిన కౌంటర్లు చూస్తే చెల్లని సీఆర్‌సీలు (డేటా దారిలో పాడైందో లేదో తేల్చే సరిచూపు సంఖ్యలు) సున్నా, సింక్ కోల్పోయిన సందర్భాలు సున్నా, లింక్ వైఫల్యాలు సున్నా. అడాప్టర్‌కు చేరుతున్న కాంతి మైనస్ 3.0 డీబీఎం (కాంతి శక్తి కొలమానం; మైనస్ అంకె పెరిగేకొద్దీ వెలుగు తగ్గినట్టు), బాగానే ఉంది. అది పంపుతున్న కాంతి మైనస్ 2.6, అదీ బాగుంది. లింక్ శుభ్రంగా ఉందని రాసుకుని కార్డు మీదికి వెళ్లాం.

కార్డు మార్పిడి చిన్న పని కాదు. కొత్త కార్డుకు కొత్త డబ్ల్యూడబ్ల్యూపీఎన్ (ఫైబర్ ఛానల్‌లో పోర్ట్‌ను గుర్తించే సంఖ్య) ఉంటుంది. ఫ్యాబ్రిక్‌లో జోనింగ్ (ఎవరు ఎవరితో మాట్లాడవచ్చన్న జాబితా), స్టోరేజ్‌లో లన్ మాస్కింగ్ (లన్ ఎవరికి కనిపించాలన్న జాబితా), కార్డు బయోస్‌లో (బూట్ సెట్టింగుల్లో) బూట్ లన్ వివరాలు అన్నీ సవరించాలి. ఒకదానిలో ఒక్క అంకె తప్పినా ఆ వైపు దారులు రావు. బుధవారం రాత్రి నాలుగు గంటలు పట్టింది. కార్డుతో పాటు దాని ఎస్‌ఎఫ్‌పీ (కేబుల్ దూరే, కాంతిని పంపి అందుకునే చిన్న భాగం) కూడా కొత్తదే. అదే కేబుల్‌ను తీసి కొత్త కార్డుకు పెట్టాం. గురువారం ఉదయం, అదే హోస్ట్ వైపు, అవే అబార్ట్‌లు.

ఆగి ఆలోచించిన మధ్యాహ్నం

గురువారం మధ్యాహ్నం ఇక ఏ భాగాన్నీ మార్చవద్దని బృందాన్ని కోరాను. అప్పటిదాకా చేసినవన్నీ ఒకే తరహా ప్రయత్నాలు: ఒక వస్తువును అనుమానించడం, మార్చడం, ఒకరోజు ఎదురుచూడటం. దానికి బదులు లక్షణాన్ని మన ఇష్టప్రకారం రప్పించగలమా అన్న ప్రశ్న వేసుకున్నాం.

ముందు ‘ఏ’ ఫ్యాబ్రిక్ దారులను మల్టీపాత్‌లో విఫలమైనవిగా గుర్తించి, మొత్తం పనిని బీ వైపుకు మళ్లించాం. ఒక వైపు మీదే ఆధారపడటం ప్రమాదమే. రోజుకు యాభై సార్లు ఆగిపోవడం కన్నా ఆ ప్రమాదం తక్కువని డేటాబేస్ యజమానులకు వివరించి రాతపూర్వకంగా అనుమతి తీసుకున్నాం. ఆ క్షణం నుంచి అబార్ట్‌లు ఆగిపోయాయి. వాడుకదారులకు ఊరట దొరికింది. మాకు తొందర లేకుండా ఆలోచించే వ్యవధి దొరికింది.

తర్వాత ఒక చిన్న పరీక్ష లన్‌ను ‘ఏ’ వైపు మాత్రమే కనిపించేలా తయారు చేయించాం. శుక్రవారం ఉదయం దాని మీద గంటసేపు ఎడతెగకుండా చదివే పని నడిపాం. ఒక్క అబార్ట్ కూడా రాలేదు. తర్వాత గంటసేపు 64 కిలోబైట్ల రాతలు నడిపాం. 23 అబార్ట్‌లు. అదే లన్, అదే కార్డు, అదే కేబుల్. మారింది డేటా ప్రయాణించే దిశ మాత్రమే.

ఇక్కడ ఫైబర్ ఛానల్ పనితీరు కొంచెం చెప్పాలి. చదివేటప్పుడు సర్వర్ నుంచి బయటికి వెళ్లేది ఒక్క కమాండ్ ఫ్రేమ్ (నెట్‌వర్క్ మీద ఒక్కసారిగా వెళ్లే డేటా పొట్లం). అది దాదాపు 68 బైట్లు. డేటా అంతా ఎదురు దిశలో వస్తుంది. 64 కిలోబైట్లు రాసేటప్పుడు కమాండ్ ఫ్రేమ్‌తో పాటు, ఒక్కొక్కటి 2 కిలోబైట్ల డేటా మోసే ఫ్రేములు 32 బయటికి వెళతాయి. హెడర్లతో కలిపి 66,000 బైట్లకు పైమాటే. సర్వర్ నుంచి స్విచ్‌కు వెళ్లే దిశలో ఎక్కడైనా అప్పుడప్పుడూ ఒక బిట్ పాడవుతుంటే, ఆ దెబ్బ చదివే కమాండ్ కన్నా రాసే కమాండ్‌కు తగిలే అవకాశం దాదాపు వెయ్యి రెట్లు.

స్టోరేజ్‌లో వాడే మూడో తరగతి ఫైబర్ ఛానల్ సేవలో ఫ్రేమ్ అందిందన్న రసీదు ఉండదు. పాడైన ఫ్రేమ్‌ను అందుకున్నవారు పారేస్తారు, పంపినవారికి ఆ సంగతి తెలియదు. స్టోరేజ్ మిగతా డేటా కోసం చూస్తూ ఉంటుంది, సర్వర్ జవాబు కోసం చూస్తూ ఉంటుంది. 30 సెకన్ల గడువు తీరేదాకా ఇద్దరూ మౌనంగా ఉంటారు. మొదటి రోజు నుంచి మేం విన్న మౌనం ఇదే.

మల్టీపాత్‌కు ఎందుకు తెలియలేదో కూడా దీనితోనే అర్థమైంది. దారి బాగుందో లేదో చూడటానికి అది కొన్ని సెకన్లకోసారి ఒక చిన్న పరీక్ష కమాండ్ పంపుతుంది. దానిలో డేటా ఉండదు, కాబట్టి ఆ 68 బైట్లు దాదాపు ఎప్పుడూ క్షేమంగా చేరతాయి. గడువు తీరిన రాతను స్కజీ పొర అబార్ట్ చేసి, అదే దారిలో మళ్లీ పంపి, సఫలమయ్యాక పైకి చెబుతుంది. విఫలమైన వార్త మల్టీపాత్ దాకా చేరనే చేరదు. తెగిన దారిని ఈ అమరిక క్షణాల్లో పక్కన పెడుతుంది. కుంటుతున్న దారిని మాత్రం ఎన్నాళ్లయినా నమ్ముతూనే ఉంటుంది.

స్విచ్ వైపు

సర్వర్ కౌంటర్లన్నీ సున్నాలని నేను మరోసారి చెప్పినప్పుడు నెట్‌వర్క్ బృందంలోని ఒక సహోద్యోగి అడిగిన ప్రశ్న ఈ కేసును ముగించింది. "మీ కార్డు లెక్కపెట్టేది దానికి వచ్చినవే కదండీ. అది పంపినవి పాడైతే మా స్విచ్ లెక్కలో ఉండాలి. మా వైపు ఎవరైనా సరిగ్గా చూశారా?"

చూశామనే అనుకున్నాం. రెండో రోజున స్విచ్ పోర్ట్ ఆన్‌లైన్‌లో ఉందని, అక్కడ కొన్ని సీఆర్‌సీ తప్పులు ఉన్నాయని, ఎప్పటివో తెలియదని జవాబు వచ్చింది. స్విచ్ పెట్టిన నాటినుంచి ఆ కౌంటర్లను ఎవరూ సున్నా చేయలేదు. అందువల్ల ఆ అంకె పాతదో, నిన్నటిదో చెప్పే వీలు లేక వదిలేశాం. ఇప్పుడు సమయం రాసుకుని కౌంటర్లను సున్నా చేసి, పరీక్ష లన్ మీద రాతలు మళ్లీ గంటసేపు నడిపాం. సర్వర్‌లో 21 అబార్ట్‌లు. స్విచ్ పోర్ట్‌లో 22 సీఆర్‌సీ తప్పులు. ఒకే రాతలో రెండు ఫ్రేములు పాడైతే అబార్ట్ ఒక్కటే వస్తుంది కాబట్టి ఆ ఒక్క తేడా మాకు ఆశ్చర్యం కలిగించలేదు.

ఇంకొక జాగ్రత్త కూడా అవసరమైంది. రెండు స్విచ్‌లను కలిపే లింక్ దగ్గర కూడా సీఆర్‌సీ తప్పులు కనిపించాయి, అక్కడి కేబుల్‌ను అనుమానించే పరిస్థితి వచ్చింది. స్విచ్‌లు ఫ్రేమ్ మొత్తం వచ్చేదాకా ఆగవు, వస్తుండగానే ముందుకు పంపుతాయి. చివర సీఆర్‌సీ తప్పని తేలితే, ఫ్రేమ్ ముగింపు గుర్తును చెల్లనిదిగా మార్చి వదులుతాయి. అందుకే కొన్ని స్విచ్‌లలో రెండు లెక్కలు ఉంటాయి: మొత్తం సీఆర్‌సీ తప్పులు ఒకటి, ముగింపు గుర్తు ఇంకా మంచిగా ఉన్న సీఆర్‌సీ తప్పులు మరొకటి. రెండోది పెరిగే చోటే ఫ్రేమ్ మొదటిసారి పాడైన చోటు. సర్వర్ కలిసిన పోర్ట్‌లో రెండు లెక్కలూ పెరిగాయి. స్విచ్‌ల మధ్య లింక్‌లో మొదటిది మాత్రమే పెరిగింది. అంటే అక్కడికి చేరేటప్పటికే ఫ్రేములు పాడై ఉన్నాయి.

ఆ స్విచ్ పోర్ట్‌కు అందుతున్న కాంతి మైనస్ 9.6 డీబీఎం. పక్కనే అలాంటి సర్వర్‌కే కలిసిన పోర్ట్‌కు మైనస్ 2.9. ప్రతి 3 డీబీకి కాంతి సగమవుతుంది. 6.7 డీబీ తేడా అంటే మాకు అందుతున్నది పక్క పోర్ట్‌లో ఐదో వంతు వెలుతురు. సర్వర్ కార్డు చూపిన మైనస్ 2.6 అబద్ధం కాదు. అది తన లేజర్ ఎంత వెలుగు విడుస్తోందో చెబుతుంది. ఆ వెలుగు అవతలి కొసకు చేరిందో లేదో దానికి తెలిసే మార్గం లేదు.

దోషం

ఫైబర్ కేబుల్‌లో పోగులు రెండు, ఒక్కో దిశకు ఒకటి. కేబుల్‌ను సర్వర్ వైపు ఊడదీసి ఇన్‌స్పెక్షన్ మైక్రోస్కోప్‌తో చూశాం. రెండు ఫెరూల్స్‌లో (పోగు కొసను పట్టి ఉంచే సన్నని గొట్టాల్లో) ఒకటి అద్దంలా ఉంది. రెండోదాని మొన మీద, సరిగ్గా మధ్యలో, మరక పరచుకుని ఉంది. మల్టీమోడ్ ఫైబర్‌లో కాంతి ప్రయాణించే కోర్ వ్యాసం 50 మైక్రాన్లు. దాన్ని కప్పేయడానికి కంటికి కనిపించని ధూళి చాలు.

అది ఎలా వచ్చిందో తెలుసుకోవడానికి డేటా సెంటర్‌లో చేతులతో పనిచేసే బృందాన్ని అడిగాం. అదే శనివారం రాత్రి, సర్వర్ ఎలాగూ ఆగి ఉంది కదా అని, ముందే తెప్పించి ఉంచిన అదనపు మెమరీని అమర్చారు. అందుకోసం సర్వర్‌ను పట్టాల మీద ముందుకు లాగారు. ‘ఏ’ వైపు కేబుల్‌కు పొడవు చాలక ఊడదీసి, పని అయ్యాక తిరిగి పెట్టారు. బీ వైపు కేబుల్‌ను కదిలించాల్సిన అవసరం రాలేదు. చిన్న పని కాబట్టి రికార్డులో రాయలేదు. వారు ఏమీ దాచలేదు, అడగగానే చెప్పారు. పన్నెండు రోజులుగా అడగనిది మేమే. రికార్డులో ఒక్క మార్పే ఉందని, జరిగింది కూడా ఒక్క మార్పేనని అనుకున్నాం.

ఏది పనిచేసింది

ఫెరూల్‌ను ఫైబర్ కోసం తయారైన పొడి క్లీనర్‌తో శుభ్రం చేసి, మళ్లీ మైక్రోస్కోప్‌తో చూసి పెట్టాం. స్విచ్ వైపు అందే కాంతి మైనస్ 5.0కు చేరింది. గంటసేపు రాతలు నడిపితే తప్పు ఒక్కటీ రాలేదు. అక్కడ ఆగిపోవచ్చు. కానీ పక్క పోర్ట్ మైనస్ 2.9 చూపుతుంటే ఇది ఇంకా 2 డీబీ తక్కువ ఎందుకు ఉండాలి? రెండు మొనలు ఆనుకున్నప్పుడు ధూళి ఒకదాని నుంచి రెండోదానికి అంటుకుంటుంది. బుధవారం రాత్రి మేం మురికి కేబుల్‌ను కొత్త కార్డులో పెట్టాం. అంటే కొత్త ఎస్‌ఎఫ్‌పీని కూడా మేమే మురికి చేశాం. దాని లోపలి కొసను పోర్ట్ క్లీనర్‌తో శుభ్రం చేశాక మైనస్ 3.1 వచ్చింది. పరీక్ష లన్ మీద రాత్రంతా రాతలు నడిపాం. ఉదయానికి రెండు వైపుల కౌంటర్లూ సున్నా. అప్పుడు ‘ఏ’ ఫ్యాబ్రిక్ దారులను తిరిగి వాడుకలోకి తెచ్చాం. కొత్త కెర్నల్‌తో వచ్చిన డ్రైవర్‌నే తిరిగి పెట్టి, ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌ను తయారు చేసి, నడుస్తున్న వెర్షన్‌ను సిస్‌ఎఫ్‌ఎస్‌లో చూసుకున్నాం.

ఆ తర్వాత మార్చుకున్నవి

ఇప్పుడు ఏ లింక్‌ను పరిశీలించినా రెండు కొసల కౌంటర్లూ, రెండు కొసలకు అందే కాంతీ పక్కపక్కన పెట్టి చూస్తాం. ఒక కొస సున్నాలు చూపితే సగం లింక్ గురించి మాత్రమే తెలిసినట్టు. ప్రతి నెలా ఫ్యాబ్రిక్ కౌంటర్లను నమోదు చేసి సున్నా చేస్తున్నాం. ఎప్పటిదో తెలియని అంకె వల్ల మేం పది రోజులు పోగొట్టుకున్నాం.

లాగ్‌లో అబార్ట్‌లు కనిపిస్తే మొదట హోస్ట్ సంఖ్య వారీగా, తర్వాత టార్గెట్ వారీగా, ఆ తర్వాత లన్ వారీగా విడదీస్తాం. అన్నీ ఒకే హోస్ట్‌వైతే ఒక రకం వెతుకులాట, ఒకే టార్గెట్‌వైతే ఇంకో రకం, ఎక్కడా గుంపు కట్టకుండా చెదిరి ఉంటే అప్పుడు డ్రైవర్‌ను, ఫర్మ్‌వేర్‌ను (కార్డు లోపలి సాఫ్ట్‌వేర్‌ను) చూస్తాం. ఈ పనికి ఐదు నిమిషాలు చాలు.

కేబుల్‌ను ఊడదీసి పెట్టినా సరే, సర్వర్‌ను చేత్తో తాకిన ప్రతి పనీ మార్పుల రికార్డులోకి వస్తుంది. ఊడిన కొసకు వెంటనే మూత, తిరిగి పెట్టేముందు శుభ్రత, పెట్టాక కాంతి కొలత. మొదట్లో ఇది అదనపు పని అని కొందరు అన్నారు. మైక్రోస్కోప్ చిత్రాన్ని చూపించాక ఎవరూ అనలేదు.

మల్టీపాత్‌లో బలహీన దారులను గుర్తించే ఆప్షన్లు ఉన్నాయి కదా, వాటిని పెట్టి ఉంటే సరిపోయేది కదా అని చాలామంది అడిగారు. ఈ కేసులో సరిపోయేది కాదు. ఆ లెక్క మొదలవ్వాలంటే దారి తక్కువ వ్యవధిలో రెండుసార్లు విఫలమైనట్టు మల్టీపాత్‌కు తెలియాలి. ఇక్కడ ఒక్కసారి కూడా తెలియలేదు. దీనికి సరైన మందు ఎఫ్‌పీఐఎన్ అని నా అభిప్రాయం. ఈ పద్ధతిలో, లింక్‌లో తప్పులు పెరుగుతున్నాయని ఫ్యాబ్రిక్ స్వయంగా సర్వర్‌కు సందేశం పంపుతుంది. స్విచ్, డ్రైవర్, మల్టీపాత్ మూడూ దాన్ని అర్థం చేసుకునే వెర్షన్లలో ఉంటే, ఆ దారిని పక్కన పెట్టడం మనిషి ప్రమేయం లేకుండానే జరుగుతుంది. అందుకున్నవారికి తెలిసింది పంపినవారికి చేరడమే ఈ కేసులో లోపించింది. దాన్ని మా పరీక్ష ఫ్యాబ్రిక్‌లో ఇప్పుడు పరిశీలిస్తున్నాం.

32 గిగాబిట్ల లింక్‌లకు మారేవారికి ఒక హెచ్చరిక. అక్కడ ఎఫ్‌ఈసీ తప్పనిసరి, 16 గిగాబిట్లలో ఐచ్ఛికం. ఎఫ్‌ఈసీ చిన్న తప్పులను దారిలోనే సరిదిద్దుతుంది కాబట్టి మురికి కనెక్టర్ చాలాకాలం ఏ లక్షణమూ చూపకుండా ఉండవచ్చు. సరిదిద్దలేని స్థాయికి చేరాక ఒక్కసారిగా బయటపడుతుంది. అందుకని సీఆర్‌సీ ఒక్కటే చూడకుండా, సరిదిద్దిన తప్పుల లెక్కను కూడా గమనించాలి.

బుధవారం రాత్రి తీసేసిన పాత కార్డు మీద లోపభూయిష్టం అని చీటీ అంటించి, తయారీదారుకు తిప్పి పంపడానికి పెట్టె కట్టి ఉంచారు. శనివారం ఉదయం దాన్ని వెనక్కి తెప్పించి, ఎస్‌ఎఫ్‌పీని మైక్రోస్కోప్ కింద పెట్టి చూశాం. కేబుల్ మొన మీద కనిపించిన మరకకు జతగా అదే చోట మరక ఉంది. శుభ్రం చేసి వేరే సర్వర్‌లో పెట్టాం. ఇప్పటికి ఐదు నెలలుగా పనిచేస్తోంది, ఆ పోర్ట్ మీద ఇంతవరకు ఒక్క అబార్ట్ కూడా నమోదు కాలేదు.